ఆ మర్నాడు

మిక్సీ బాగున్న రోజున కరెంటు ఉండదు, కరెంటు ఉన్న రోజున మిక్సీ మొరాయిస్తుంది. అందుకని చిలకమ్మ రెండింటి మీదా ఆశ వదులుకుని, వాళ్ళమ్మ నాటి రుబ్బురోలునే నమ్ముకుంది. ఇప్పుడు ఆ రోలు ముందు రొకియా కూర్చుని ఉంది. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడమచేత్తో నానిన శనగపప్పును గుంటలోకి తోస్తూ, వేలు పడబోయే ముందు చెయ్యి వెనక్కి లాక్కుంటోంది. వచ్చిన కొత్తలో వేళ్ళు నలగ్గొట్టుకుంది గానీ ఇప్పుడు పక్కన ఎవరూ కాపలా ఉండనక్కర్లేదు. అయినా చిలకమ్మ పీట వేసుకుని చూస్తూ కూర్చుంటుంది. మొగుడు వీరన్న పోయాక ఆ ఇంట్లో రెండో మనిషి చేతి చప్పుడు వినిపించడం ఇదే. అది ఆగిపోతే ఇల్లు మళ్ళీ ఎలా ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు.

"మరీ మెత్తగా వద్దు. పంటికి పలుకు తగలాలి" అంది బర్మా భాషలో.

"తగులుతుంది, అఫ్వా" అంది రొకియా. అఫ్వా అంటే మామ్మ.

ఆ ఇల్లు బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో, స్టేషనుకి నడిచి వెళ్ళే దూరంలో, తెలుగు సంఘం హాలు వెనక ఉంది. ఇల్లంటే ఒక వంటగది, దాన్నానుకుని ఒక గది. హాలు ఊడ్చడం, పండగలకి వండడం చిలకమ్మ పని. అద్దె అడగకపోవడమే సంఘం వారు ఇచ్చే జీతం. పొద్దున్నే వీధి మలుపులో బండి పెట్టి రైలెక్కేవాళ్ళకి వడలు అమ్ముకుంటుంది. ఆ బండి దగ్గరికే వచ్చింది రొకియా, నీళ్ళ పండగ రోజుల్లో, తల నుంచి పాదం దాకా తడిసి. ఊరంతా తడిసే ఉంది గనక ఎవరూ పట్టించుకోలేదు. పండగ అయిపోయి ఊరంతా ఆరిపోయినా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంటే అప్పుడు చిలకమ్మకి అర్థమైంది.

రొకియా అరకాన్ వైపు పిల్ల, రోహింగ్యా. ఆ మాట ఈ వీధిలో ఎవరూ పైకి అనరు. వేరే మాటలు అంటారు; వాటిలో ఒకటి తెలుగువాళ్ళని కూడా అనేదే. పిల్ల నోరు విప్పితే యాస పట్టిస్తుంది కాబట్టి బయట నోరు విప్పకూడదని నియమం పెట్టింది చిలకమ్మ. ఇంకో నియమం కూడా ఉంది. పిల్ల తినే సత్తుకంచం వేరు. అది కడిగి, గుమ్మం బయట గోడకి చేరవెయ్యాలి. మొదటి నియమం పిల్ల కోసం, రెండోది తన కోసం. రెండోది తప్పని చిలకమ్మకి అప్పటికి తోచలేదు. మడి మడే, జాలి జాలే అనుకునేది.

వెనక గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. వచ్చింది జగన్మోహన్, సంఘం కార్యదర్శి. పబేడాన్ బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. మంచివాడే, కానీ ఎప్పుడూ ఎవరో తరుముకొస్తున్నట్టే చెమట తుడుచుకుంటాడు. రొకియాని చూసి ఆగిపోయాడు. పిల్ల రోలు వదిలి, తల వంచుకుని, పెరట్లోకి వెళ్ళిపోయింది.

"పిన్నీ, ఆ గుంట ఎవరు?"

"పనికి ఎట్టుకున్నాను. నా రెక్కలు తిరగట్లేదు."

"ఎక్కడిది?"

"అన్నం తింటాది, పని సేస్తాది. ఇంకేటి కావాల నీకు?"

"నాను నవ్వులాటకి అడగట్లేదు." జగన్మోహన్ గొంతు తగ్గించాడు. "ఆదివారం సభకి పర్మిషను ఇచ్చాడు సర్కారోళ్ళ పదిళ్ళ పెద్ద ఊ సాన్ లిన్. ఇస్తూ ఏటన్నాడో తెలుసా? మీ హాలు యెనకాల ఓ కొత్త మనిషి ఉంటోందట కదా, రాత్రి ఉండే మనుషుల లిస్టులో ఆ పేరు రాయించలేదేటి, అన్నాడు. అరకాన్ పిల్ల అని నువ్వు నాకు సెప్పక్కర్లేదు. ముఖం సూస్తే తెల్దా?"

చిలకమ్మ పొత్రాన్ని అంటుకున్న పప్పును వేలితో గీకి రోట్లోకి తోసింది.

"హాలుకి తాళం ఏసేస్తే ఏటి సేస్తాం? ఈ గోడలు మన తాతలు రేవులో మూటలు మోసి కట్టినవి. ముప్పై మంది పిల్లలు ఆదివారం వొచ్చి నాలుగు తెలుగు ముక్కలు నేర్సుకుంటన్నారు. వొందేళ్ళయినా మనల్ని ఇంకా సుట్టపుసూపుగా వొచ్చినోళ్ళలాగే సూస్తన్నారు పిన్నీ. తా దూర కంత లేదు, మెడకో డోలా?"

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. అదే చిలకమ్మకి కోపం తెప్పించింది. అబద్ధమైతే నాలుగు దులిపి పంపించేది.

"ఆదివారం వొందమందికి వడలు కావాల. ఎవరు రుబ్బుతారు, నువ్వు రుబ్బుతావా?" అంది. "అదైపోనీ. సోమారం పొద్దున్న పంపించేస్తాను."

జగన్మోహన్ ఊపిరి వదిలాడు. వెళ్ళబోతూ ఇంకోమాట అన్నాడు. "సభలో సెప్పే కతలో గుంపు అను, సాలు. ఎవరి గుంపని అనకు. ఊ సాన్ లిన్ ముందు వరసలో కూకుంటాడు."

"ఎప్పుడైనా అన్నానేటి? మా యమ్మే గుంపనీది."

అతను వెళ్ళాక పిల్ల లోపలికి వచ్చి మళ్ళీ రోలు ముందు కూర్చుంది. ఏమన్నాడని అడగలేదు. తెలుగు తెలియని పిల్లకి ఏం అర్థమై ఉంటుందిలే అనుకుని చిలకమ్మ తనకి తానే సర్దిచెప్పుకుంది.

శనివారం తమలపాకుల కోసం పబేడాన్ వెళ్ళింది. బజారులో ఆకులు బేరమాడుతున్నా మనసు ఆకుల మీద లేదు. ఎరిగున్న సాయిబుల బిర్యానీ కొట్టు ముసలమ్మ దగ్గర ఆగి, ఒక పిల్ల ఉంది, పని బాగా చేస్తుంది, మీ వాళ్ళ పిల్లే, కొన్నాళ్ళు ఉంచుకుంటావా అని అడిగింది. ఆ ముసలమ్మ గరిట కింద పెట్టి చిలకమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, సోదాలకొస్తే ముందు మా తలుపే కొడతారు. మీ తలుపు ఆఖర్ని కొడతారు. ఆ పిల్ల నీ దగ్గర ఉందంటే అందుకే. నా దగ్గరికి తెస్తే పులి ముందు పెట్టినట్టే." చిలకమ్మకి ఇంకెవరినీ అడగాలనిపించలేదు. ఆకుల బుట్ట చంకన పెట్టుకుని, సులే పగోడా పక్కనుంచి, ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పెరట్లో కూర్చుని ఆకులు కడిగారు. నీళ్ళలో ముంచి, ఈనెలు తీసి, తడిగుడ్డ మీద పరచడం. ఇన్ని ఆకులెందుకని అడిగింది రొకియా.

"రేపు ఆకుల రోజు. వచ్చినవాళ్ళందరూ తలో ఆకూ నోట్లో పెట్టుకోవాలి. కథ చెబుతున్నంతసేపూ తియ్యకూడదు, మాట్లాడకూడదు. అయ్యాక తీసి, వడలూ పులిహోరా తినాలి."

"ఏం కథ?"

ఏటా చెప్పే కథే గనక చిలకమ్మ నోటికి వచ్చేసింది, పేరుకి తగ్గట్టు చిలకపలుకుల్లా. బర్మా భాషలో చెప్పడం మాత్రం ఇదే మొదలు.

"ఇంగ్లీషు దొరల కాలం. అప్పుడు మా అమ్మకి ఏడేళ్ళు. పేరు తాయారు. మా తాత రేవులో కూలీ. మా తెలుగువాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. దొరలు వాళ్ళ బదులు ఈ దేశపు కూలీలని పెట్టుకున్నారు. రాజీ కుదిరి మావాళ్ళు పనికి తిరిగొచ్చేసరికి, ఇక మీరు పొండని ఆ బదులు కూలీలని గెంటేశారు. తగువు పెట్టిన దొరలు మేడ మీదే ఉన్నారు. చంపడానికీ చావడానికీ కింద కూలీలు మిగిలారు. కత్తులూ ఇనపకడ్డీలూ పట్టుకుని గుంపులు వీధుల్లో పడ్డాయి. తెలుగువాడు కనిపిస్తే చాలు. మా అమ్మ ఆ పూట తండ్రికి కిళ్ళీ కొని తేవడానికి వీధిలోకి వచ్చింది. కొట్టు డా మ్యా యిన్ అనే ఆవిడది. గుంపు మలుపు తిరగడం చూసి ఆవిడ పిల్లని లోపలికి లాగింది. మొహానికి ఇక్కడి ఆడవాళ్ళలా తనాకా చెక్క గంధం పూసింది. జుట్టు నడినెత్తిన ముడేసింది. దాచలేదు, దాస్తే వెతుకుతారని ముందు బల్ల మీదే కూర్చోబెట్టి చేతికి అడకత్తెర ఇచ్చింది. కానీ నోరు విప్పితే తెలిసిపోతుంది కదా? అందుకని సున్నం రాసిన కిళ్ళీ మడిచి నోట్లో కుక్కింది. గుంపు వచ్చి ఎవరీ పిల్ల అన్నారు. నా కూతురంది. మాట్లాడదేం అన్నారు. నోట్లో కిళ్ళీ ఉంది, కనిపించట్లేదా అంది. సున్నానికి మా అమ్మ నోరంతా పొక్కిపోయింది. ఎర్రటి రసం గడ్డం మీదికి కారుతున్నా ఉమ్మలేదు, ఏడవలేదు. గుంపు వెళ్ళిపోయింది."

అక్కడితో కథ అయిపోతుంది. అక్కడే పిల్లలు ఆకులు తీస్తారు, పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. రొకియా మాత్రం చేతిలోని ఆకుని నీళ్ళలోనే ఉంచి, తలెత్తింది.

"ఆ మర్నాడు?"

"ఏంటి?"

"ఆ మర్నాడు ఏమైంది, అఫ్వా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కత్తులెంత పొడుగని అడిగారు. కిళ్ళీ కారంగా ఉందా అని అడిగారు. డా మ్యా యిన్ ఫోటో ఉందా అని ఒకసారి జగన్మోహన్ అడిగాడు, గోడకి పెట్టిద్దామని. మర్నాడు ఏమైందో అడగాలని ఒక్కరికీ తోచలేదు.

"మర్నాడు మా తాత వచ్చి తీసుకెళ్ళిపోయాడు" అంది చిలకమ్మ.

అది అబద్ధం. మర్నాడు ఏమైందో వాళ్ళమ్మ పోయే ముందు ఆవిడకొక్కర్తికే చెప్పింది, సభలో చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ. రొకియా కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత ఆకుని నీళ్ళలోంచి తీసి, తుడిచి, వరసలో పెట్టింది.

"మమ్మల్ని కూడా ఒక రాత్రి దాచారు" అంది. "మా ఊరు తగలబెట్టినప్పుడు. నన్నూ మా చెల్లెల్నీ. ధాన్యం గాదెలో."

"తర్వాత?"

"తర్వాత తెల్లారింది."

చెల్లెలు ఏమైందని చిలకమ్మ అడగలేకపోయింది. అడిగితే సోమవారం మాట కూడా చెప్పాల్సి వస్తుంది. సాయంత్రం చెబుదామనుకుంది. సాయంత్రం పప్పు నానబోస్తున్నప్పుడు చెబుదామనుకుంది. పిల్ల సత్తుకంచంలో అన్నం తినేటప్పుడు గుమ్మంలో నిలబడి, ఇదిగో చూడు అని మొదలుపెట్టి, కాస్త మజ్జిగ పోసుకో అని ఊరుకుంది. సభ అయిపోనీ, వంటలో ఉండగా ఎందుకు అని వాయిదా వేసింది. ఇష్టం లేని పనికి ముహూర్తాలు చాలా దొరుకుతాయి.

ఆదివారం తెల్లవారుతూనే పెరట్లో పొయ్యి రాజేశారు. చిలకమ్మ అరచెయ్యి తడిచేసుకుని, ముద్ద తీసి, ఒత్తి, మూకుడు అంచు నుంచి జారవిడిచేది. రొకియా తేలినవాటిని చిల్లుల గరిటెతో తిప్పి తీసేది. ప్రతిరోజూ మొదటి వాయికి ముందు పిల్ల పెదవులు కదులుతాయి. ఏదో ప్రార్థన. నోరు కదపకు, ఎవరైనా చూస్తారు అని చిలకమ్మ రోజూ మందలిస్తుంది. ఆ రోజు పెదవులు కదిలాయి, చిలకమ్మ ఏమీ అనలేదు. రొకియా ఆశ్చర్యంగా చూసింది. అనకపోవడానికి కారణం ఉంటుందని గ్రహించినట్టే చూసింది.

జనం వచ్చేసరికి హాలు ఉక్కపోసిపోయింది. పంకాలు నిశ్శబ్దంగా వేలాడుతున్నాయి. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చిన్నపిల్లలు; సైన్యంలోకి పట్టుకుపోతారనే భయంతో ఈడొచ్చిన కుర్రాళ్ళు ఊళ్ళోనే లేరు. ముందు వరసలో జగన్మోహన్, పక్కన ఊ సాన్ లిన్. పదిళ్ళ పెద్దకి కూడా ఆకు ఇచ్చారు. ఆయన నోట్లో అప్పటికే సొంత కిళ్ళీ ఉంది, నవ్వి చూపించాడు. పిల్లలకి తెలుగు చెప్పే రాధాకుమారి చిలకమ్మ పక్కన నిలబడింది, ఒక్కో మాటనీ బర్మాలోకి తిప్పి చెప్పడానికి. పిల్లలకి ఇప్పుడు తెలుగు వింటే సగం తెలుస్తుంది, బర్మా వింటే మొత్తం తెలుస్తుంది.

"ఆకులెట్టుకోండి" అంది చిలకమ్మ.

కథ మొదలైంది. సమ్మె, దొరలు, గుంపు. ఎవరి గుంపో చెప్పలేదు. వంటగది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులో నీలం గుడ్డ అంచు కనిపిస్తోంది. రొకియా కట్టుకున్న లుంగీ నీలం రంగే. పిల్ల తలుపు చాటున నిలబడి వింటోందన్న మాట. రాధాకుమారి బర్మాలో చెబుతుంది గనక అంతా తెలుస్తుంది. చిలకమ్మ ఆ నీలం అంచుకే కథ చెప్పడం మొదలుపెట్టింది. డా మ్యా యిన్, తనాకా, అడకత్తెర, కిళ్ళీ. నా కూతురు. నోట్లో కిళ్ళీ ఉంది, కనిపించట్లేదా.

"గుంపు ఎలిపోయింది" అంది.

పిల్లల చేతులు నోళ్ళ దగ్గరికి వెళ్ళాయి. జగన్మోహన్ చప్పట్లకి చేతులెత్తాడు.

"ఆకులు తియ్యొద్దు" అంది చిలకమ్మ. "కత అవలేదు."

రాధాకుమారి ఆవిడవైపు తిరిగింది. ఇది ఎప్పుడూ లేని మాట. నెమ్మదిగా దాన్ని బర్మాలోకి మార్చింది. చేతులన్నీ కిందికి దిగాయి.

"ఆ రాత్రి మా యమ్మ డా మ్యా యిన్ పక్కలోనే తొంగుంది. మర్నాడు పొద్దున్న ఆయమ్మ తమ్ముడొచ్చాడు. ఈ పిల్ల ఎవరిదో వీదిలో అందరికీ తెల్సిపోయింది, నిన్నూ నరికేస్తారన్నాడు. డా మ్యా యిన్ ఏటీ అనలేదు. ఉడుకన్నం పొట్లం కట్టింది. పిల్ల మొకం కడిగింది. తలుపు తీసి, ఎల్లమ్మా, రేవుకాడికి ఎల్లు, మీవోళ్ళుంటారు, అంది. మా యమ్మ ఆయమ్మ లుంగీ పట్టుకుని ఒగ్గలేదు. ఆయమ్మే పిల్ల సేతి ఏళ్ళు ఒక్కొక్కటీ ఇడిపించుకుంది. తలుపేసుకుంది."

ఆకులు నోట్లో ఉన్నందువల్ల హాల్లో ఎవరికీ మాట్లాడే వీలు లేదు.

"ఏడేళ్ళ గుంట. ఆ దారంట ఒక్కర్తీ నడిసింది. దారిలో ఏటి సూసిందో నాకెప్పుడూ సెప్పలేదు. సావబోతా కూడా సెప్పలేదు. పొట్లం మాత్రం పారీలేదట. రేవు గోడౌన్లో తండ్రి కనబడేదాకా సంకలోనే ఉందట. అమ్మా, మరి ఆయమ్మ మంచిదా సెడ్డదా, అని అడిగాను నాను. ఏటందో తెలుసా? సెడ్డది కాదే. ఒక్క రాత్రికి సరిపడా దైర్యం ఉంది ఆయమ్మకి. మనకి రెండు కావాల్సొచ్చాయి, అంది."

రాధాకుమారి ఆఖరి మాట కూడా బర్మాలో చెప్పింది. చిలకమ్మ జగన్మోహన్ వైపు చూసింది. అతను తల వంచుకుని చేతి రుమాలు మడుస్తున్నాడు. మాట తప్పానమ్మా అని మనసులో వాళ్ళమ్మకి చెప్పుకుంది. అయినా గుండె తేలికపడింది. ఇక సోమవారం లేదు. పిల్లని పంపేది లేదు. ఈ మాట వెంటనే పిల్లకి చెప్పాలి. ఆకులు తియ్యమని చెయ్యి ఊపి, జనం లేచేలోగానే వంటగదిలోకి వెళ్ళింది.

తలుపు వెనక మేకుకి నీలం తువ్వాలు వేలాడుతోంది. ఉతికి ఆరేసిన తువ్వాలు, ఇంకా తడిగా ఉంది. పెరట్లో ఎవరూ లేరు. మూకుడు దించి పక్కన పెట్టి ఉంది. పొయ్యి మీద నీళ్ళు చల్లి ఉన్నాయి. రేపటి బండికి కావాల్సిన పప్పు అప్పటికే రుబ్బి, గిన్నె మీద పళ్ళెం మూసి, చీమలు పట్టకుండా నీళ్ళ తాంబాళంలో పెట్టి ఉంది. గుమ్మం బయట సత్తుకంచం కడిగి, గోడకి చేరవేసి ఉంది. పిల్లకి ఉన్న ఒక్క గుడ్డ సంచీ చిలక్కొయ్యకి లేదు.

పొమ్మనిపించుకోకుండానే పోయింది. తెల్లారబోతోందని ముందే తెలుసు ఆ పిల్లకి. జగన్మోహన్ మొహం చూసినప్పుడు తెలిసిందో, మందలించకుండా ఊరుకున్న చిలకమ్మ మొహం చూసినప్పుడు తెలిసిందో. వందమందికి చెప్పిన మాట, అడిగిన ఒక్కర్తికీ చేరలేదు. చిలకమ్మ రోలు పట్టుకుని కింద కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. డా మ్యా యిన్ పొట్లమైనా కట్టి ఇచ్చింది.

పులిహోర, నాలుగు వడలు అరిటాకులో కట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చింది. స్టేషను దాకా వేగంగా నడిచింది. ఊరి చుట్టూ ఇన్సేన్ వైపు తిరిగే రైలు ప్లాట్‌ఫారం మీద కూరల గంపలు, నిద్రపోయే మనుషులు, తుపాకీలతో ఇద్దరు. నీలం లుంగీలు చాలా ఉన్నాయి. ప్రతి నీలం లుంగీ దగ్గరికీ వెళ్ళి మొహం చూసింది. పేరు పెట్టి పిలుద్దామంటే ఆ పేరు అక్కడ పైకి అనకూడనిది. నోట్లో పేరు పెట్టుకుని ఆ చివర్నుంచి ఈ చివరికి తిరిగింది. ఒక రైలు వచ్చింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. ఆ పిల్ల రైలే ఎక్కిందో, బస్సే ఎక్కిందో, పక్కవీధిలోనే ఉందో ఎవరు చెబుతారు? సాయంత్రం మబ్బుపట్టి, ఆ ఏటి మొదటి వాన కురిసింది. ప్లాట్‌ఫారం రేకుల మీద చప్పుడు తగ్గేదాకా కూర్చుని, పొట్లంతోనే ఇంటికి తిరిగొచ్చింది.

హాలు ఎవరో ఊడ్చేశారు. రాధాకుమారే అయి ఉంటుంది. చిలకమ్మ గుమ్మం బయట గోడకున్న సత్తుకంచం లోపలికి తెచ్చింది. పొట్లం విప్పి అందులో పెట్టుకుని తింది. వడలు మెత్తబడిపోయాయి. పలుకు మాత్రం పంటికి తగిలింది. కంచం కడిగి, తన కంచం పక్కన, అరలో పెట్టింది.

మర్నాడు పొద్దున్న బండి పెట్టింది. పెట్టకపోతే ఆ పిల్ల రుబ్బిన పప్పు పులిసిపోతుంది. ఎప్పటిలాగే పక్కన రొకియా కూర్చునే రెండో ముక్కాలిపీట కూడా వేసింది. వేశాక చూసుకుంది, తియ్యలేదు.

మొదటి బేరం జగన్మోహన్‌దే. కొట్టు తెరవడానికి పబేడాన్ వెళ్ళాల్సినవాడు ఇటెందుకొచ్చాడో చెప్పలేదు. రెండు వడలు కాగితంలో పెట్టించుకుని, తినకుండా నిలబడ్డాడు.

"పిన్నీ, నిన్న రాత్రి నాకు నిద్దర పట్టలేదు" అన్నాడు చివరికి. "ఆ పిల్ల ఏదీ?"

"ఎలిపోయింది."

"నువ్వు పంపీసావా?"

"నువ్వూ నానూ కలిసి పంపీసాం. నోటితో అనక్కర్లేకండా."

అతను చెమట తుడుచుకున్నాడు. పొద్దుటి గాలి చల్లగానే ఉంది. ఇంతలో వీధి ఆ చివర్నుంచి గొడుగు ఊపుకుంటూ ఊ సాన్ లిన్ వచ్చాడు. నోట్లో కిళ్ళీ. బండి ముందు ఆగి, వడల వైపు చూసి, ముక్కాలిపీట వైపు చూసి, బర్మాలో అడిగాడు.

"డా చిలకమ్మ, మీ ఇంట్లో ఒక పిల్ల ఉంటోందట?"

జగన్మోహన్ ప్రాణం లేచొచ్చినట్టు చిలకమ్మకేసి చూశాడు. ఇప్పుడు చెప్పడానికి నిజమే ఉంది, భయం లేని నిజం. ఎవరూ లేరు, వెళ్ళిపోయింది అంటే చాలు. గది చూసుకుంటానన్నా చూసుకోవచ్చు. హాలు బతికింది, బడి బతికింది.

చిలకమ్మ తడిచేత్తో ముద్ద తీసి, అరచేతిలో ఒత్తి, నూనెలోకి జారవిడిచింది.

"ఉంది" అంది. "నా మనవరాలు. పనిమీద ఊరెళ్ళింది. వస్తుంది."

"మీకు మనవరాలుందని నేనెప్పుడూ వినలేదే."

"నన్ను మీరు ఎప్పుడూ అడగలేదు."

"పేరు?"

"తాయారు."

ఊ సాన్ లిన్ నములుతున్నవాడు నమలడం ఆపాడు. నిన్న ముందు వరసలో కూర్చుని, చిలకమ్మ తల్లిదైన ఆ పేరు మొదటి నుంచి చివరిదాకా విన్నవాడు ఆయన. చిలకమ్మ మొహంలోకి చూశాడు. ఆవిడ నూనెలో వడ తిప్పుతోంది. కళ్ళు మాత్రం దించలేదు. ఆయన జగన్మోహన్ వైపు తిరిగాడు.

"సెక్రటరీ గారూ, ఈవిడకి మనవరాలుందా?"

జగన్మోహన్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి చేతిలో ఉన్న వడ మొత్తం కుక్కేసుకున్నాడు. వేడికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. తల మాత్రం ఊపాడు, ఉందన్నట్టు, గట్టిగా.

"మాట్లాడరేం?"

"నోట్లో వడ ఉంది" అంది చిలకమ్మ, "కనిపించట్లేదా?"

పదిళ్ళ పెద్ద గొడుగు భుజానికి తగిలించుకున్నాడు. పక్కకి తిరిగి కిళ్ళీ ఉమ్మాడు. "వచ్చాక ఒకసారి చెప్పండి. పేరు రాయించాలి" అని, ఇంకేమీ అడగకుండా స్టేషను వైపు వెళ్ళిపోయాడు.

వచ్చాక. చిలకమ్మ ఆ మాటనే పట్టుకుంది. రైలు దిగినవాళ్ళు ఒక్కొక్కరే మలుపు తిరుగుతున్నారు. వాళ్ళలో నీలం లుంగీ ఉందేమోనని చూస్తూ, చెయ్యి తడిచేసుకుని, ఇంకో ముద్ద తీసింది.